అయస్కాంతానికి లొంగని సీసా

లిఫ్టు తలుపులు నాలుగో అంతస్తులో తెరుచుకునేసరికి లోపలున్న కెమిస్టు చనిపోయి తొంభై సెకన్లయింది.

చూసినవాళ్లంతా గుండెపోటు అనుకున్నారు. కాలర్ కింద, మెడ వెనక, దోమ కుట్టినంత ఎర్రటి చుక్కను ఎవరూ గమనించలేదు. హంతకుడు ఫోను తీసుకున్నాడు, పర్సు తీసుకున్నాడు, చేతిసంచి తీసుకున్నాడు. బిగిసిన గుప్పిట విప్పి మరీ చూశాడు. లోపల క్యాప్సూల్ లాంటి తెల్లటి వస్తువు కనిపించింది. గుండెజబ్బు మనిషి మాత్ర వేసుకోబోతూ పోయాడని లోకం అనుకుంటే మంచిదేగా అని, ఆ గుప్పిట మళ్లీ మూసి దిగిపోయాడు.

అతను చేసిన తప్పు అదొక్కటే.

"ఇది మాత్ర కాదు," అన్నాడు మేష్టారు, ఆ తెల్ల వస్తువును బల్లమీద దొర్లిస్తూ. "ఏమిటో చెప్పు."

మేష్టారు ఒక రహస్య గూఢచారి విభాగానికి పెద్ద. ఒకప్పుడు నిజంగానే లెక్కల మేష్టారు. ఇప్పటికీ బ్రీఫింగ్ నల్లబల్ల మీదే ఇస్తాడు. తప్పు జవాబు చెబితే సుద్దముక్క విసురుతాడు.

ఎదురుగా కూర్చున్న ఏజెంటు పేరు ఏ ఫైల్లోనూ ఉండదు. అందరూ పాదరసం అంటారు. ఒకచోట కుదురుగా ఉండలేడు. కూర్చుంటే మోకాలు ఊగుతుంది, నిలబడితే వేళ్లు ఆడతాయి. వాళ్ల వంశంలో డిగ్రీ ముఖం చూసిన మొదటి మనిషి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ.

"మాగ్నెటిక్ బీడ్ సార్. లోపల అయస్కాంతం, పైన తెల్ల ప్లాస్టిక్ పూత. ఫ్లాస్కులో వేసి కింద మెషీన్ ఆన్ చేస్తే గిరగిరా తిరుగుతూ ద్రవాన్ని కలుపుతుంది."

"సరే." మేష్టారు నల్లబల్ల మీద ఒకదాని చుట్టూ ఒకటి నాలుగు వలయాలు గీశాడు. "నానో కణం. వెంట్రుక మందంలో రెండువేలో వంతు. నట్టనడుమ ఇనుప గింజ, స్కానింగులో కనిపించడానికి. దాని చుట్టూ మందు నింపుకునే పొర. ఆ పైన బంగారం పూత, సన్నటి కాంతి తగిలితే వేడెక్కి కణితిని మాడ్చడానికి. అన్నిటికంటే పైన చిరునామా. అంటే కణితిని మాత్రమే గుర్తుపట్టి అతుక్కునే ప్రోటీన్. ఒక్క గింజ, నాలుగు పనులు."

"మా అమ్మలాగ."

సుద్దముక్క చెవి పక్కనుంచి దూసుకుపోయింది.

"బేరగాళ్ల గురించి తెలుసుగా? పరాయి దేశాల ముఠా. మందులు తయారుచేసే పద్ధతులు దొంగిలించి, ఎక్కువ ఇచ్చినవాడికి అమ్ముకుంటారు. ఈ కణం ఫార్ములా వాళ్లకి ఆరునెలల కిందే దొరికింది. కానీ అక్షరం పొల్లుపోకుండా చేసినా వాళ్లకి సరుకు గడ్డకడుతోంది. అందుకే ఇప్పుడు అసలు సీసాయే కావాలి. దొంగిలించి, దాని చోట వాళ్ల నకిలీ సీసా పెడతారు. చచ్చిపోయిన కెమిస్టు వాళ్ల లాబ్ చూసొచ్చి, మనకి చెప్పబోతూ లిఫ్టెక్కాడు."

"నకిలీది మనిషికి ఎక్కిస్తే?"

"గడ్డలు ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటాయి. నిమిషాల్లో అయిపోతుంది. మొదటి డోసు, మొదటి పేషెంటు, శుక్రవారం పదకొండింటికి. రేపట్నుంచి నువ్వు ఆ మందు చేసే లాబ్‌లో గాజుసామాను కడిగేవాడివి."

"నేను ఎమ్మెస్సీ చదివానండీ."

"తెలుసు. అంటే నీకు కడగడం రాదు. జాగ్రత్త." మేష్టారు సొరుగులోంచి గాడ్జెట్లు తీశాడు. కెమెరా దాచిన పెన్ను. దొంగ ట్రాన్స్‌మిటర్లను పసిగట్టే వాచీ. మైకు ఉన్న ఉంగరం. "ఇంకొకటి. లోపల మిణుగురు ఉంది."

పాదరసం మోకాలు ఊగడం ఆగిపోయింది.

"ఎవరి తరఫున సార్?"

"మన తరఫునే పంపాం. జీతం బేరగాళ్లూ ఇస్తున్నారు. ఇప్పుడు ఎవరి మనిషో..." మేష్టారు చేతికంటిన సుద్ద దులుపుకున్నాడు. "లెక్క తేలలేదు."

*

కడిగే గది మూడో అంతస్తు చివర. రెండు సింకులు, ఆవిర్లు పీల్చే ఒక గాజుతలుపు హుడ్, దాంట్లో నారింజరంగు ఆసిడ్ తొట్టి, మూలన చిన్న ఫ్రిజ్. ఆ గదికి రాణి ఒక నలభై అయిదేళ్ల ఆవిడ. డైరెక్టర్ దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ ఆవిడ అక్క.

"వాచీ తియ్యి," అంది అక్క గుమ్మంలోనే.

"టైమ్ తెలియాలి కదక్కా."

"టైమ్ నేను చెప్తా. ఉంగరం తియ్యి. పెన్నూ. ఇక్కడికి లోహం రాకూడదు, సిరా రాకూడదు, సెంటు రాకూడదు." ప్లాస్టిక్ డబ్బా ముందుకు తోసింది. విభాగం ఏడాదిపాటు తయారుచేసిన గాడ్జెట్లన్నీ డబ్బాలో పడ్డాయి. మూత పడింది. డబ్బా బీరువాలోకి వెళ్లింది. తాళంచెవి అక్క మెడలోకి వెళ్లింది.

రెండు రోజులు పాదరసం కడిగాడు. ఆసిడ్‌లో నానబెట్టడం, తీయడం, శుద్ధజలంతో మూడుసార్లు తొలవడం, బోర్లించడం. ప్రతి నాలుగో ఫ్లాస్కు దగ్గరా అక్క భుజం మీదుగా తొంగిచూసేది.

"రెండుసార్లే తొలిచావు."

"మూడు తొలిచానక్కా."

"చుక్క జారేటప్పుడు గోడమీద ఆగింది. మూడోది మనసులో తొలిచావు. చదువుకున్నట్టున్నావే?"

"ఏదో... కొంచెం."

"చెయ్యి చూస్తేనే తెలుస్తోంది. పాపం."

భోజనం వేళ, గేటు దగ్గర అప్పగించిన ఫోను చేతికొచ్చేసరికి వాళ్ల అమ్మ ఫోన్ చేసింది. "ఏం చేస్తున్నావురా?" "గిన్నెలు కడుగుతున్నానమ్మా." "ఎమ్మెస్సీ చదివింది అందుకేనా?" "ఈసారి అందుకేనమ్మా."

రెండోరోజు సాయంత్రం, అక్క కొంచెం మెత్తబడినట్టు కనిపించాక, జేబులోంచి తెల్ల బీడ్ తీసి చూపించాడు. దొరికిందన్నాడు.

అక్క దాన్ని వెలుగులో తిప్పింది. మొహం చిట్లించింది.

"ఇది మాది కాదు. మా దగ్గర బీడ్ మీద ఒక్క గీత పడినా విరిచి పారేస్తాను. దీనికి ఒళ్లంతా గీతలే. గీతల్లో పాత సరుకు ఇరుక్కుంటుంది. ఆసిడ్‌కీ రాదు. కొత్త సరుకులో ఇది తిరిగితే, ఆ పాత ముక్కలు పట్టుకుని కొత్తవన్నీ ముద్దకడతాయి. పుస్తకంలో ఉండదు ఇది. ఎవడు వాడాడో గానీ, వాడికి జన్మలో మందు కుదరదు."

పాదరసానికి లెక్క తేలింది. ఆరునెలలుగా బేరగాళ్లకి అర్థంకాని రహస్యం ఫార్ములాలో లేదు. ఈవిడ చేతుల్లో ఉంది.

"కుదిరిందో లేదో మెషీన్ లేకుండా చెప్పగలవా అక్కా?"

"మెషీన్ దేనికి?" అరలోంచి రెండు సీసాలు తీసింది. రెండూ ముదురెరుపు. కంటికి తేడా లేదు. బీడ్‌ని మొదటిదానికి బయటినుంచి ఆనించింది. పది అంకెలు లెక్కపెట్టేలోగా గాజు లోపలివైపు నల్లటి గీత పేరుకుంది. "ఇది చెడిపోయిన బ్యాచ్. అయస్కాంతం కనిపిస్తే చాలు, పని లేని చుట్టంలా వచ్చి అతుక్కుంటుంది." రెండోదానికి ఆనించింది. ఏమీ జరగలేదు. "ఇది మంచిది. ఎంత పిలిచినా ఉన్నచోటే ఉంటుంది. అంత సన్నటివి, విడివిడిగా ఉంటే, ఈ చిన్న అయస్కాంతానికి లొంగవు."

రెండు సీసాలూ అరలో పెట్టి బ్రష్ అందుకుంది. చేతులు పనిచేస్తుండగానే చెప్పింది.

"శుక్రవారం మొదటి సూది ఎవరికో తెలుసా? మా చెల్లికి. కంటి వెనక కణితి. ఆపరేషన్ కుదరదన్నారు. ఈ బ్యాచ్ చేసిన ఫ్లాస్కు నేనే కడిగాను. మూడుసార్లు కాదు, ముప్ఫైసార్లు. పిచ్చిదాన్ననుకో."

పాదరసం బీడ్‌ని తిరిగి జేబులో వేసుకున్నాడు. ఆ రాత్రి అతని మోకాలు ఊగుతూనే ఉంది.

*

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి కారిడార్‌లో మడమల చప్పుడు వినిపించింది. తరవాత పరిమళం వచ్చింది. ఆ తరవాత మిణుగురు వచ్చింది.

ఆకుపచ్చ పట్టు షర్టు, నల్లకళ్లద్దాలు, మెడలో విదేశీ ఆడిటర్ బాడ్జి, భుజాన తోలుసంచి. నాలుగు దేశాల్లో ఆరు పేర్లున్న మనిషి. రెండేళ్ల కిందట ఒక రైలు పైకప్పు మీద పాదరసం ప్రాణం కాపాడి, మర్నాడే అతని సూట్‌కేసు కొట్టేసింది.

"సెంటు," అంది అక్క తల ఎత్తకుండా. "గుమ్మం బయటే."

మిణుగురు నవ్వి గుమ్మం బయటే నిలబడింది. "ఈ నీళ్లు ఎన్నిసార్లు మరిగినవి?"

అది కోడ్. పాదరసం ఫ్లాస్కు దించాడు. "మూడుసార్లు. నాలుగోది నా ఓపిక."

ఇద్దరూ కారిడార్ చివరకి నడిచారు. అక్కడ బూడిదరంగు యూనిఫారంలో లిఫ్టు మెకానిక్ పానా తిప్పుతున్నాడు. మిణుగురు పెదవులు కదలకుండా మాట్లాడింది.

"రేపు కాదు. ఇవాళే. పదిన్నరకి."

"ఏంటి?"

"తెల్లారేసరికి పేషెంటుకి ఎడమకన్ను కనపడటం మానేసింది. డాక్టర్ ముందుకి జరిపాడు. నీకు చెప్పేవాళ్లు లేరు. మీ మైకు బీరువాలో ఉందటగా?"

"నవ్వొద్దు. సీసా ఎక్కడుంది?"

"లిఫ్టులో చచ్చిపోయినవాడి చేతిలో ఒక తెల్ల బీడ్ ఉండేది." చెయ్యి చాపింది. "నాకిచ్చెయ్."

"ఎందుకు?"

"అడిగితే ఇవ్వడం నీకు అలవాటేగా."

పాదరసం ఆమె కళ్లలోకి చూద్దామనుకున్నాడు. నల్లద్దాల్లో తన మొహమే రెండుసార్లు కనిపించింది. రెండూ కంగారుగానే ఉన్నాయి. జేబులో చెయ్యి పెట్టాడు. పొద్దున సింకులోంచి తీసిన కొత్త బీడ్ కూడా అక్కడే ఉంది. వేలితో తడిమి, గీతలు లేనిది ఏరి ఆమె చేతిలో పెట్టాడు.

మిణుగురు దాన్ని బొటనవేలితో ఒకసారి నిమిరి గుప్పిట మూసింది.  మడమల చప్పుడు దూరమైంది.

సీసా ఆచూకీ కోసం అంతస్తులన్నీ వెతికి వచ్చేసరికి పది దాటి ఇరవై నిమిషాలైందని కారిడార్ గడియారం చెప్పింది. పాదరసం ఆప్రాన్ విప్పేశాడు.

"ఎక్కడికి?" అంది అక్క.  సూది ఇవాళే అని అప్పుడే వార్డు నుంచి ఫోన్ వచ్చింది. "నన్ను లోపలికి రానివ్వరట. ఊరికే కూర్చోలేను. అరలన్నీ సర్దుతాను. లేకపోతే పిచ్చెక్కుతుంది."

"సర్దక్కా. ఇప్పుడే వస్తాను."

లిఫ్టు తలుపు మీద బోర్డు: రిపేరులో ఉంది. మెకానిక్ లేడు. పానా ఒక్కటే నేలమీద ఉంది.

మెట్లు. రెండేసి, మూడేసి. లాబ్‌కీ ఆసుపత్రికీ మధ్య అద్దాల వంతెన. వంతెన మధ్యలో ఎదురైన వార్డుబోయ్ ఖాళీ ఐస్‌పెట్టెతో తిరిగి వస్తున్నాడు. పాదరసాన్ని చూసి పెట్టె వదిలేసి పరుగు తీశాడు. అంటే నకిలీ సీసా చేరిపోయింది. వాణ్ణి పట్టుకోవడానికి టైమ్ లేదు.

చికిత్స గది. ఎర్రదీపం. తలుపు తోశాడు.

మంచం మీద ముప్ఫై అయిదేళ్ల మనిషి. ఒక కంటికి గాజుగుడ్డ కట్టు. అక్క పోలికే, అదే గడ్డం. డాక్టర్ చేతిలో సిరంజి. సూది మొన సెలైన్ ట్యూబు రబ్బరులో దిగింది. బొటనవేలు పిస్టన్ మీద ఉంది.

"ఆగండి!"

"ఎవర్నువ్వు? బయటికి నడు!"

"గాజుసామాను కడిగేవాణ్ణి డాక్టర్‌గారూ. పదే పది సెకన్లు."

నర్సు అడ్డొచ్చింది. పాదరసం ఆమె చేతికింద నుంచి దూరి, తెల్ల బీడ్‌ని సిరంజి గొట్టానికి ఆనించాడు. డాక్టర్ రెండో చెయ్యి అతని చొక్కా కాలర్ పట్టుకుంది.

"రిపోర్టు చూశాను! నలభై నానోమీటర్లు! అంతా సరిగ్గా ఉంది!"

"రిపోర్టు నిన్నటిదండీ. సిరంజి ఇవాళ్టిది. దయచేసి చూడండి."

ఒకటి. రెండు. మూడు. ఏమీ లేదు. నాలుగు. అయిదు. తను తప్పేమో. ఆరు. ఎర్రటి ద్రవంలో పొగలాంటిదేదో కదిలింది. ఏడు. ఎనిమిది. గాజు లోపలివైపు, బీడ్ ఉన్నంత మేర, నల్లటి గీత పేరుకుంది.

డాక్టర్ బొటనవేలు పిస్టన్ మీద నుంచి నెమ్మదిగా లేచింది. 

"మరి అసలుది?" అన్నాడు సూదిని ట్యూబులోంచి లాగేస్తూ. "కొత్త బ్యాచ్‌కి ఆరువారాలు పడుతుంది. ఈవిడ దగ్గర ఆరువారాలు లేవు. రెండో కన్ను రేపో ఎల్లుండో."

మంచం మీద మనిషి కనిపించే కంటితో పాదరసాన్ని చూసింది. "మా అక్క పంపిందా?" అంది.

"అవునండీ," అన్నాడు. అబద్ధమనిపించలేదు.

*

దొంగసరుకు బయటికి పోవాలంటే దారి ఒక్కటే, వెనకవైపు సరుకు దింపే ఆవరణ. ఇంజన్ ఆన్‌లో ఉన్న తెల్ల వ్యాను. వెనకతలుపు దగ్గర బూడిద యూనిఫారంలో మెకానిక్. లిఫ్టులు ఎప్పుడు ఆగాలో, ఎవరితో ఆగాలో నిర్ణయించే మనిషి. బేరగాళ్ల నాయకుడు. పక్కన మిణుగురు. ఇద్దరి మధ్యా తెల్లపొగలు కక్కుతున్న డ్రై ఐస్ ఫ్లాస్కు.

మెకానిక్ చేతిలో పెన్నులాంటి సూది మెరిసింది. పాదరసం ఆగలేదు. ఫ్లాస్కుని కాలితో తన్నాడు. మంచుముక్కలు బూట్ల మధ్య దొర్లాయి, మెకానిక్ కాలు జారింది, సూది వ్యాను టైరులో దిగింది. లేవబోతున్నవాడి మెడమీద మిణుగురు మడమ ఆనింది. ఆమె సంచిలోంచి బేడీలు వచ్చాయి.

"నువ్వా!" అన్నాడు మెకానిక్.

"మీ మొహం నా కళ్లతో చూసేదాకా కదలొద్దని ఆర్డరు. ఏడునెలలు పట్టింది."

పాదరసం వినడం లేదు. నేలమీద దొర్లిన సీసాని అందుకున్నాడు. లోపల ఎర్రటి రాయి. గడ్డకట్టింది.

"పాడవకుండా మంచులో పెట్టాం," అన్నాడు మెకానిక్, నేలకి నొక్కుకున్న నోటితో. "మాకూ తెలుసు జాగ్రత్తలు."

"జాగ్రత్తా!" అరిచాడు పాదరసం. "నువ్వు టీకాలు మోసే అలవాటులో పెట్టావురా. గడ్డకడితే కణాలన్నీ ముద్దయిపోతాయి. కరిగించినా విడిపోవు. ఇక ఇది మందు కాదు."

"అది మొదట్నుంచీ మందు కాదు," అంది మిణుగురు. "మీ అక్క అరలో ఉన్న చెడ్డ బ్యాచ్. అసలుది బోయ్ నా చేతికిచ్చాడు. పద్దెనిమిది నిమిషాల కిందట మీ ఫ్రిజ్‌లో పెట్టాను. అక్క నన్ను రానివ్వదుగా, అందుకని ఆవిడ ఫోన్‌కి బయటికెళ్లి, నువ్వూ గదిలో లేనప్పుడు. పైన 'కడగవద్దు' అని చీటీ కూడా అంటించాను."

"నకిలీది పేషెంటు దాకా వెళ్లనిచ్చావు!"

"వీడి మనుషుల కళ్లు నా మీదే ఉన్నాయి. నిన్ను పరీక్షిద్దామని బీడ్ అడిగితే నువ్వు కొత్తది ఇచ్చావు చూడు, అప్పుడు అర్థమైంది, గీతల గుట్టు నీకు తెలుసని. నువ్వు ఆపుతావని పందెం వేశాను." బేడీలు బిగించి తల ఎత్తింది. "ఏంటలా చూస్తున్నావు?"

"ఎవరి చేతిరాత ఆ చీటీ?"

"నాదే."

"అక్క తన చేతిరాత కాని చీటీ ఉంటే ఏం చేస్తుందో తెలుసా? సింకులో పారబోస్తుంది. ఇప్పుడు అరలన్నీ సర్దుతోంది."

మూడు అంతస్తులు. ఈసారి మెట్లు నాలుగేసి.

*

కడిగే గదిలో ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. అరలు ఖాళీ. సింకులో నీళ్లు ఎర్రగా తిరుగుతూ కిందికి పోతున్నాయి. అక్క చేతిలో బ్రష్.

పాదరసం గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. 

"అక్కా... ఒక సీసా... కడగవద్దు అని..."

"ఆ కోడికెలుకుడు రాతదా? దాని మీద తేదీ లేదు, సంతకం లేదు. పారబోద్దామనే తీశాను."

మెకానిక్‌ని వ్యాను తలుపుకి బేడీలతో తగిలించి వెనకే వచ్చిన మిణుగురు గోడకి ఆనుకుంది.

"తీసి?" అన్నాడు పాదరసం.

"తీసి ఏముంది? పారబోసే ముందు ఎప్పుడూ చేసేదే. అయస్కాంతం ఆనించాను. వంద అంకెలు లెక్కపెట్టాను. కదల్లేదు." అక్క బ్రష్ దులిపింది. "కదలనిదాన్ని నేను పారబొయ్యను. ఎవరో తెలివితక్కువవాళ్లు మర్చిపోయారనుకున్నా. ఫ్రిజ్ కడగాలని, అదిగో ఆ చన్నీళ్ల గిన్నెలో పెట్టాను. సింకులోది పాత రంగునీళ్లు. ఏమైంది, ఇద్దరూ అలా ఉన్నారు?"

గిన్నెలో సీసా ఉంది. సీలు చెక్కుచెదరలేదు.

చెప్పాల్సింది పాదరసమే చెప్పాడు. అక్క చేతిలోని బ్రష్ సింకులో పడింది. ఆవిడ మిణుగురు వైపు తిరిగింది.

"నా చెల్లెల్ని పందెంలో పెట్టావన్నమాట."

మిణుగురు నల్లద్దాలు తీసింది. పాదరసం ఆమె కళ్లు చూడటం అదే మొదటిసారి. ఎర్రగా ఉన్నాయి. "పెట్టానక్కా. ఇలాంటి పందెం ఇంకెప్పుడూ వెయ్యను."

అక్క సీసా తుడిచి పాదరసం చేతిలో పెట్టింది. "పరిగెత్తకు. నడు. ఇది పడితే నిన్ను ఆసిడ్‌లో ముంచుతాను."

లాబ్ మెషీన్ మరోసారి కొలిచింది. నలభై. పదకొండున్నరకి సూది పడింది. సాయంత్రం నాలుగింటికి స్కానింగు తెరమీద, కంటి వెనక, ఇనుము చేరినచోట మాత్రమే కనిపించే నల్లటి మచ్చ ఒక్కటే కనిపించింది. చిరునామా తప్పలేదు. మర్నాడు కాంతి పెడతారు. నయమవుతుందా అంటే డాక్టర్ తొందరపడొద్దన్నాడు. కానీ ఆ మాట నవ్వుతూ అన్నాడు.

మేష్టారు ఫోన్లో ఒక్క ప్రశ్న అడిగాడు. "గాడ్జెట్లు పనిచేశాయా?"

"బీరువాలో చాలా బాగా ఉన్నాయి సార్."

బట్టలు మార్చుకుని వీడ్కోలు చెబుదామని పాదరసం కడిగే గదికి వెళ్లాడు. సింకు ముందు మిణుగురు నిలబడి ఉంది. పట్టు షర్టు మీద రబ్బరు ఆప్రాన్, మోచేతుల దాకా చేతితొడుగులు. ఏడు ఫ్లాస్కులు ఆమె ముందు, ఏడు పక్కన.

"ఈ పిల్ల శిక్ష అయ్యేదాకా కదలదు," అంది అక్క. మెడలోని తాళంచెవి తీసి, ఇవ్వకుండా, పక్కన ఫ్లాస్కుల వైపు చూపించింది. "నువ్వూ తొడుక్కో. లోకాన్ని తరవాత కాపాడుదువుగాని. నిన్నటివి రెండుసార్లే తొలిచావు."